హోటలు పునాదుల్లో దొరికిన నౌకాదళం

అమెరికా నుంచి ఇండియాకు రాకపోకలు సాగించే మనవాళ్ళలో ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో ఒక పూటైనా పడిగాపులు పడనివారు తక్కువ. మనలో చాలామందికి జర్మనీ అంటే గాజు గోడలు, చాక్లెట్ల దుకాణాలు, మూడు కుర్చీలు ఆక్రమించి పడుకున్న తోటి ప్రయాణికులు, అంతే. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒకసారి తొమ్మిది గంటల ఖాళీ దొరికింది. పక్కన పదిహేనేళ్ళ కొడుకు. వాడి ఫోనులో ఛార్జి అయిపోయింది. అలాంటి విపత్కర పరిస్థితిలో ఏ తండ్రయినా చరిత్ర వైపు చూడక తప్పదు.

విమానాశ్రయం కింద నుంచే లోకల్ రైలు దొరుకుతుంది. మైంట్స్ అనే ఊరు అక్కడికి అరగంట దూరం. ఊళ్ళోకి చేరే ముందు రైలు రైన్ నది మీద వంతెన దాటుతుంది. దాటగానే వచ్చే స్టేషను పేరు 'రోమన్ థియేటర్'. పేరు ఊరికే పెట్టలేదు. ప్లాట్‌ఫారం పక్కనే రోమన్ల కాలం నాటి రంగస్థలం శిథిలాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే ప్రాచీన నౌకాయాన మ్యూజియం. ఒకప్పుడు రైలింజన్లు బాగుచేసిన షెడ్డు, ఆ తర్వాత కూరగాయల టోకు మార్కెట్టు, 1994 నుంచి మ్యూజియం. పైకి చూస్తే ఇప్పటికీ గోడౌను లాగానే ఉంటుంది.

రోమన్ యుద్ధనౌకలు చూపిస్తానని మావాడికి చెప్పాను. వాడి మనసులో ఉన్నది 'బెన్‌హర్' సినిమా: మూడంతస్తుల ఓడ, గొలుసులతో కట్టేసిన బానిసలు, డోలు కొట్టేవాడు, కొరడా పట్టుకున్నవాడు. లోపలికి వెళ్ళాక మొదట కనిపించింది కొత్త చెక్కతో చేసిన నిలువెత్తు నమూనా. ఇరవై ఒక్క మీటర్ల పొడవు, మూడు మీటర్లు కూడా లేని వెడల్పు. గోదావరి మీద తిరిగే నాటు పడవను పట్టుకుని సాగదీసినట్టుంది. దాని వెనుక, ఇనప ఊతల మీద, నల్లబడిన పలకలు, విరిగిన అడ్డకొయ్యలు వరసగా పేర్చి ఉన్నాయి. అసలు పడవలు అవే.

"ఇంతేనా నాన్నా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆ మధ్యాహ్నం, ఆ తర్వాత ఇంకొన్ని నెలలు గడిపాను. ఈ వ్యాసం ఆ జవాబే.

1981 చివర్లో మైంట్స్ పాత ఊళ్ళో, నదికి కాస్త ఎడంగా, హిల్టన్ హోటలును విస్తరించడానికి పునాదులు తవ్వుతున్నారు. ఏడు మీటర్లకు పైగా లోతుకు వెళ్ళాక యంత్రాలకు కొయ్య తగిలింది. మైంట్స్ రెండు వేల ఏళ్ళ ఊరు. క్రీస్తుకు పన్నెండు పదమూడేళ్ళ ముందు అగస్టస్ సవతి కొడుకు డ్రూసస్ ఇక్కడ సైనిక శిబిరం పెట్టాడు. రోమన్లు దీన్ని మొగొంటియాకుమ్ అన్నారు. అలాంటి చోట పునాది తవ్వితే ఏదో ఒకటి బయటపడటం వింత కాదు. కానీ బయటపడింది గోడ కాదు, ఐదు పడవల శకలాలు. నది శతాబ్దాలుగా మేట వేసుకుంటూ, ఊరు గట్టును ముందుకు జరుపుకుంటూ పోగా, ఒకప్పటి ఒడ్డు వీధుల కిందికి వచ్చేసింది. పడవలు ఆ ఒండ్రులో ఉండిపోయాయి.

పని ఆపారు. హోటలు కట్టేవాళ్ళకు రోజు రోజుకూ ఖర్చు, పురావస్తు శాఖవాళ్ళకు రోజు రోజుకూ గడువు. చలికాలం. పునాది గోతిలోకి నీరు ఊరుతుంటే, ఒక్కో పలకను కొలిచి, గీసి, అంకె వేసి, తడి ఆరకుండా పైకి తీశారు. కొద్ది నెలల్లో అంతా ముగించాలి. 1982లో ముగించారు. ఆ తర్వాత హోటలు లేచింది. ఇప్పుడు అక్కడ బస చేసేవారిలో తమ కింద ఒకప్పుడు ఏముందో తెలిసినవాళ్ళు ఎంతమందో!

ఇక్కడ మనకు రావలసిన అనుమానం ఒకటుంది. రోమన్లు మధ్యధరా సముద్రాన్ని 'మన సముద్రం' అని పిలుచుకున్నవాళ్ళు. క్రీ.పూ. 31లో ఒక్క ఆక్టియం యుద్ధంలోనే రెండు వైపులా వందల ఓడలు మోహరించాయి. అవన్నీ ఏమయ్యాయి? మధ్యధరా అడుగున రోమన్ సరుకు ఓడలు ఎన్నో దొరికాయి. యుద్ధనౌకల కొయ్య మాత్రం దాదాపు దొరకదు. సిసిలీకి పడమరన, క్రీ.పూ. 241లో రోమన్లకూ కార్తేజి వాళ్ళకూ జరిగిన నౌకాయుద్ధం చోట, శత్రు నౌకను ఢీకొట్టడానికి ముందుభాగాన బిగించే కంచు ముక్కులు సముద్రం అడుగున దొరికాయి. ముక్కులే. వాటి వెనుక ఉండాల్సిన ఓడలు లేవు.

కారణం తెలిశాక చాలా మామూలుగా అనిపిస్తుంది. సరుకు ఓడ మునిగితే వందల కొద్దీ మట్టి కూజాల బరువుతో నేరుగా అడుక్కి పోతుంది. ఆ కూజాల గుట్ట కింద నలిగి, ఇసుకలో కూరుకుపోయిన చెక్క మిగులుతుంది. యుద్ధనౌకలో సరుకు ఉండదు. ఉండేది మనుషులు, తెడ్లు. పక్క బద్దలై నీరు నిండినా అది పూర్తిగా మునగదు, నీటి మట్టానికి కాస్త కిందో పైనో తేలుతూ ఉంటుంది. గెలిచినవాడు తాడు కట్టి లాక్కుపోతాడు, లేదా అలలు ముక్కలు చేస్తాయి. అడుక్కి చేరిన కొయ్యను ఉప్పునీటి పురుగు తినేస్తుంది. కాబట్టి ఘనమైన ఓడలన్నీ పోయాయి. మిగిలినవి ఎక్కడో సామ్రాజ్యపు అంచున, మంచినీటి బురదలో, ఎవరూ పట్టించుకోక వదిలేసిన పడవలు. బవేరియాలో ఓబెర్‌స్టిమ్ దగ్గర దొరికిన రెండు పాత రోమన్ సైనిక పడవలు ఇంకో ఉదాహరణ. అవి ఇప్పుడు మాన్‌షింగ్ అనే ఊళ్ళో ప్రదర్శనలో ఉన్నాయి. ఇలాంటివి ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మైంట్స్ పడవల వయసు చెట్ల వలయాల ద్వారా తేలింది. వాటికి వాడిన ఓక్ చెట్లు క్రీ.శ. 370ల నుంచి 390ల మధ్య నరికినవి. మన వైపు పోల్చుకోవాలంటే, ఇక్ష్వాకుల విజయపురి వైభవం ముగిసిపోయి, వేంగిలో, అంటే ఇవాళ్టి పెదవేగిలో, శాలంకాయనులు ఏలుతున్న రోజులు.

ఆ చెట్లు ఎందుకు నరకాల్సి వచ్చిందో నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్‌ను చదివితే అర్థమవుతుంది. ఈయన గ్రీకు మాట్లాడే సిరియా ప్రాంతంవాడు, సైన్యంలో పనిచేసినవాడు, రాసింది లాటిన్‌లో. పరాయి భాషలో రాస్తూ పేరు తెచ్చుకున్నవాడంటే మనలాంటివాళ్ళకు కాస్త అభిమానం ఉంటుంది మరి. ఆయన చెప్పిన ప్రకారం క్రీ.శ. 368లో అలమన్ని తెగ నాయకుడు రాండో, మైంట్స్‌లో సైన్యం లేదని కనిపెట్టి, ఊరంతా క్రైస్తవ పండుగలో ఉన్న సమయం చూసి, నది దాటి వచ్చి పడ్డాడు. ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ బందీలుగా పట్టుకుని, సామాన్లు దోచుకుని పోయాడు. మరుసటి ఏడు వాలెంటినియన్ చక్రవర్తి రైన్ పొడవునా కోటలు, బురుజులు కట్టించడం మొదలుపెట్టాడు. బురుజుకూ బురుజుకూ మధ్య నీటి మీద కాపలా తిరిగేవి ఇలాంటి పడవలే.

నది సరిహద్దు అంటే మనం గోడలా ఊహించుకుంటాం. నిజానికి నది రోడ్డు లాంటిది. ఎవరి చేతిలో పడవలుంటే వాళ్ళది. రోమన్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఈ పడవల పేరు 'లుసోరియా'. ఆడుకోవడం అనే మాట నుంచి వచ్చింది. నీటి మీద చిందులేసేది అన్నమాట. ఒక సైనిక పడవకు అంత ముద్దు పేరు పెట్టిందెవరో గానీ, ఆ నమూనా పక్కన నిలబడి చూస్తే ఎందుకు పెట్టారో తెలుస్తుంది. పక్కకు పదిహేను మంది చొప్పున ముప్పై మంది, మనిషికో తెడ్డు. నడుమ ఒక తెరచాప కొయ్య. వెనుక రెండు వైపులా చుక్కాని తెడ్లు. లోతు లేదు కాబట్టి ఒడ్డున ఎక్కడైనా దిగవచ్చు.

దాని పనితనం గురించి అమ్మియానస్ చెప్పిన కథ ఒకటి నాకు చాలా ఇష్టం. క్రీ.శ. 359. అప్పటికి ఇంకా చక్రవర్తి కాని జూలియన్ మైంట్స్ ప్రాంతంలో రైన్ దాటాలని చూస్తున్నాడు. అవతలి ఒడ్డున అలమన్ని సైన్యం, రోమన్లు ఎటు కదిలితే అటే కదులుతూ, దాటనివ్వడం లేదు. ఒక రాత్రి జూలియన్ మూడువందల మంది చురుకైన సైనికులను ఎంచి, తన దగ్గరున్న నలభై లుసోరియాల్లో ఎక్కించి, ప్రవాహం వాలులో కిందికి పంపాడు. నీళ్ళ చప్పుడు వినిపిస్తుందని తెడ్లు కూడా వేయవద్దని ఆజ్ఞ. పడవలు చీకట్లో వాటంతట అవే జారుతూ పోయాయి. అదే రాత్రి అవతల ఒక రాజు ఇంట్లో విందు. అర్ధరాత్రి దాటాక ఇళ్ళకు బయల్దేరిన తెగ నాయకులకు ఈ మూడువందల మంది ఎదురుపడ్డారు. చీకటి, గుర్రాల వేగం నాయకులను కాపాడాయి. వెనక కాలినడకన వస్తున్న పనివాళ్ళు చచ్చారు. అమ్మియానస్ ఈ చివరి సంగతిని పెద్దగా పట్టించుకోకుండా దాటేస్తాడు.

మూడువందల మందిని నలభై పడవలకు పంచితే పడవకు ఏడెనిమిది మంది. మైంట్స్ నమూనాకేమో ముప్పై తెడ్లు. అంటే ఆ మూడువందల మందీ తెడ్లు వేసేవాళ్ళు కాక అదనంగా ఎక్కినవాళ్ళయినా కావాలి, లేదా లుసోరియా అనే పేరు ఇంకా చిన్న పడవలకు కూడా చెల్లి ఉండాలి. మన దగ్గర 'పడవ' అంటే ఎన్ని రకాలో అలాగే.

అంతకు ముందటి చలికాలాల్లో ఒకసారి ఇదే జూలియన్ మ్యూజ్ నది పక్కన పాత కోటల్లో దాక్కున్న ఫ్రాంకులను చుట్టుముట్టాడు. నది రాత్రిపూట గడ్డకడితే శత్రువు మంచు మీద నడుచుకుంటూ జారుకుంటాడు. అందుకని సాయంత్రం నుంచి తెల్లవారే దాకా సైనికులు పడవల్లో పైకీ కిందికీ తిరుగుతూ, మంచు పేరుకోకుండా విరగగొడుతూనే ఉన్నారు. యాభై నాలుగు రోజులకు ఫ్రాంకులు ఆకలికి లొంగిపోయారు. ఆ మంచు పగలగొట్టినవాళ్ళ చేతుల గురించి ఆలోచించమని మావాడితో అన్నాను. వాడు మాన్‌హట్టన్‌లో ఒక చలికాలం గ్లవ్స్ మర్చిపోయి ఏడ్చిన రకం. కాసేపు నమూనా వైపు కొత్తగా చూశాడు.

బానిసల ముచ్చట కూడా ఇక్కడే తేల్చాలి. రోమన్ నౌకాదళంలో తెడ్లు వేసినవాళ్ళు మామూలుగా జీతం తీసుకునే మనుషులు. నది పడవల్లో అయితే తెడ్డు వేసేవాడూ, దిగి పోరాడేవాడూ చాలావరకు ఒకడే. గొలుసులు, కొరడా చాలా శతాబ్దాల తర్వాతి మధ్యధరా గ్యాలీల సంగతి. వాటిని రోము నెత్తిన రుద్దింది నవలలు, సినిమాలు. మావాడికి ఈ విషయంలో నిరాశే మిగిలింది.

ఇక పడవ నిర్మాణం. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇదే కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. మధ్యధరా ప్రాంతంలో పాత పద్ధతిలో ఓడ కట్టేవాళ్ళు ముందు పైతొడుగు కడతారు. పలక అంచులో గాడి తొలిచి, పక్క పలక అంచులోనూ తొలిచి, రెండింట్లోకీ దిగేలా ఒక చెక్క నాలుకను దూర్చి, మేకుతో బిగిస్తారు. ఇలాంటివి వందలు, వేలు. పలకలన్నీ ఒకదానితో ఒకటి కలిసి గిన్నెలా తయారయ్యాక, లోపల పక్కటెముకల్లాంటి అడ్డకొయ్యలు పెడతారు. అది వడ్రంగం కాదు, నగిషీ పని. నిపుణులు కావాలి, కాలం కావాలి.

మైంట్స్ పడవల్లో ఆ నాలుకలు లేవు. పలకలను అడ్డకొయ్యలకు ఇనప మేకులతో కొట్టేశారు. పలక మందం రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. అయితే పలకల్లో అక్కడక్కడా చిన్న చిన్న కన్నాలు, వాటిని మూసిన చెక్క బిరడాలు కనిపించాయి. వాటికీ అడ్డకొయ్యలకూ సంబంధం లేదు. పరిశోధకులు ఆ బిరడాలను పట్టుకుని కథంతా లాగారు. పడవ కట్టేటప్పుడు ముందుగా కొలత ప్రకారం కోసిన అచ్చు చట్రాలను తాత్కాలికంగా నిలబెట్టి, వాటి మీద పలకలు వంచి తాత్కాలికంగా మేకులు కొట్టారు. ఆకారం వచ్చాక అసలు అడ్డకొయ్యలు పెట్టి, అచ్చు తీసేసి, ఆ మేకుల కన్నాలను బిరడాలతో పూడ్చారు. అచ్చు తర్వాతి పడవకు పనికొస్తుంది. అంటే ఒకే కొలతలో, ఒకదాని తర్వాత ఒకటి, మహా నిపుణులు లేకపోయినా, తొందరగా కట్టుకుంటూ పోవచ్చు. బియ్యపు గింజంత బిరడా చెప్పిన ఈ సంగతి ఏ లాటిన్ పుస్తకంలోనూ లేదు.

తొందర నిజంగా ఎంత ఉండేదో తెలియాలంటే క్రీ.శ. 412లో వెలువడ్డ ఒక శాసనం చూడాలి. థియోడోసియన్ న్యాయస్మృతిలో నిలిచి ఉంది. డాన్యూబ్ నది కింది భాగంలో రెండు సరిహద్దు మండలాలకు లుసోరియాల లెక్క. ఒకదానికి తొంభై కొత్తవి కట్టాలి, పది పాతవి బాగుచేయాలి. రెండోదానికి నూటపది కొత్తవి, పదిహేను పాతవి. ఏడేళ్ళలో పూర్తి చేయాలి, చేయకపోతే అధికారులకు జరిమానా. చదువుతుంటే మన పంచాయతీరాజ్ శాఖ సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది. పాతవి పనికిరాకుండా పోయాయి, కొత్తవి కాగితం మీద ఉన్నాయి, గడువు ఉంది, జరిమానా ఉంది. మైంట్స్ పలకల్లోనూ తర్వాత వేసిన అతుకులు ఉన్నాయి. మరమ్మతుకు వాడిన కొయ్య అసలు కొయ్య కంటే వయసులో చిన్నది. పడేయకుండా సర్దుకుంటూ వాడుకున్న పడవలు అవి.

అందరూ ఒకే రకం పడవల్లో తిరగలేదు లెండి. ఐదింట్లో ఒకటి, మూడో నంబరుది, పొట్టిగా వెడల్పుగా ఉంది. దాని నమూనా కూడా అక్కడ కట్టిపెట్టారు. అధికారుల తనిఖీ ప్రయాణాలకు వాడి ఉండవచ్చని పరిశోధకుల అభిప్రాయం. క్రీ.శ. 374లో వాలెంటినియన్ చక్రవర్తి, అలమన్ని రాజు మాక్రియానస్‌తో సంధి మాట్లాడటానికి ఇదే మైంట్స్ దగ్గర పడవల్లో వెళ్ళి అవతలి ఒడ్డును చేరాడు. అక్కడ మాక్రియానస్ తన మనుషులు డాళ్ళు మోగిస్తుండగా, తల ఎత్తుకుని నిలబడ్డాడని అమ్మియానస్ రాశాడు. ముప్పై ఏళ్ళ ముందు ఇలాంటి రాజును రోమన్ చక్రవర్తి తన దగ్గరకే పిలిపించుకునేవాడు. ఇప్పుడు తనే పడవ ఎక్కి వెళ్ళాడు.

ఆ తర్వాత కథ త్వరగా ముగిసింది. క్రీ.శ. 401, 402ల్లో గోథుల రాజు అలరిక్ ఇటలీ మీదికి వస్తే, సేనాధిపతి స్టిలికో రైన్ సైన్యంలో చాలాభాగాన్ని అటు తరలించాడు. 406 డిసెంబరు ఆఖరి రోజున వాండళ్ళు, అలన్లు, సూయెబీలు రైన్ దాటి గాల్‌లోకి ప్రవేశించారు. మైంట్స్ వాళ్ళ చేతిలో పడిందని, చర్చిలో వేల మందిని ఊచకోత కోశారని సెయింట్ జెరోమ్ కొద్ది ఏళ్ళకే ఒక ఉత్తరంలో రాశాడు. ఆ రోజు రైన్ గడ్డకట్టిందని, మంచు మీద నడిచి దాటారని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆనాటి రచయితలెవరూ ఆ మాట అనలేదు. పద్దెనిమిదో శతాబ్దపు గిబ్బన్ అలా ఉండి ఉంటుందని ఊహించాడు. ఆ ఊహ అక్కడి నుంచి నిజమైపోయింది. ఆ నది మీద పడవలు ఉండి ఉంటే గడ్డకట్టినా ఏం చేయవచ్చో జూలియన్ చూపించాడు కదా. పడవలు నడిపేవాళ్ళు లేకపోతే, మంచు అక్కర్లేదు, చెక్క తెప్పలు చాలు.

మైంట్స్ పడవలు యుద్ధంలో మునిగినవి కావు. ఒడ్డున వదిలేసినవి. కొన్నిటి పలకలు ఎవరో పీక్కుపోయిన గుర్తులు ఉన్నాయి. కొయ్య, ఇనుము ఎప్పుడైనా విలువైనవే కదా. మిగిలినదాన్ని నది కప్పేసింది.

ఇక చెక్క ఎలా నిలిచింది, బయటికి తీశాక ఎలా నిలిపారు అన్నది. గాలి ఆడని తడి బురదలో కొయ్యను కుళ్ళబెట్టే జీవులు బతకలేవు. కానీ శతాబ్దాలు గడిచేసరికి చెక్క లోపలి బలమంతా కరిగిపోతుంది, దాని స్థానంలో నీళ్ళుంటాయి. చూడటానికి గట్టిగా ఉన్న పలక నిజానికి కొయ్య ఆకారంలో ఉన్న నీరు. ఎండబెట్టామంటే అప్పడంలా వంకర్లు తిరిగి, సగానికి సగం కుంచించుకుపోయి, పగిలిపోతుంది. అందుకని పడవలను ముందు నీటి తొట్లలో ఉంచారు, ఏళ్ళ తరబడి. తర్వాత ముక్కలను మెలమిన్ రెసిన్ ద్రావణంలో నానబెట్టారు. మన ఇళ్ళలో పగలని ప్లేట్లు చేసే జాతి పదార్థమే. అది చెక్క లోపల నీటి స్థానంలోకి చేరి గట్టిపడుతుంది. ఆ తర్వాత ఆరబెట్టినా ఆకారం చెడదు. ఈ పద్ధతిని మెరుగుపరిచింది మైంట్స్‌లోనే ఉన్న రోమన్-జర్మన్ కేంద్ర మ్యూజియం. 1852లో స్థాపించిన సంస్థ, 2023 నుంచి లైబ్‌నిట్స్ పురావస్తు కేంద్రం అని పేరు మార్చుకుంది. 1982లో గోతిలోంచి తీసిన పలకలు జనం ముందుకు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఈ మధ్యలో వాటిని తొట్లలో మర్చిపోకుండా ఎవరో రోజూ నీళ్ళు చూసుకున్నారు.

ఇటలీలో ఇంకో రకం కథ నడిచింది. రోముకు దగ్గర్లో నేమి అనే చిన్న సరస్సులో కాలిగులా చక్రవర్తి విలాసానికి కట్టించుకున్న రెండు మహానౌకలు మునిగి ఉండేవి. ఒక్కొక్కటి డెబ్భై మీటర్ల పైచిలుకు పొడవు. పాలరాళ్ళ నేలలు, కంచు అలంకారాలు. 1928 నుంచి ముసోలినీ ప్రభుత్వం సరస్సు నీరు తోడించి, ఆ రెండు నౌకలనూ బయటికి లాగించి, ఒడ్డునే ప్రత్యేకంగా మ్యూజియం కట్టించింది. 1944 మే 31 రాత్రి యుద్ధం ఆ ఒడ్డుకు వచ్చింది. రెండు నౌకలూ పూర్తిగా కాలిపోయాయి. ఎవరి వల్ల అంటుకుందన్నది ఇప్పటికీ వివాదమే. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ళు నీటి అడుగున క్షేమంగా ఉన్న ఓడలు బయటికొచ్చి రెండు దశాబ్దాలు కూడా నిలవలేదు. ఇప్పుడక్కడ చిన్న సైజు నమూనాలు, నిప్పు తగలక మిగిలిన వస్తువులు ఉన్నాయి. చక్రవర్తి పాలరాతి ఓడ బూడిదైంది, సరిహద్దు కాపలావాడి అతుకుల పడవ నిలిచింది. ఇందులో న్యాయం వెతకడం నాకు చేతకాదు.

మైంట్స్‌లో ఆ పునాది గొయ్యి ఫోటోల ముందు నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది నాగార్జునకొండ. ఆనకట్ట వస్తుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. దొరికిన వాటిలో ముఖ్యమైనవి కొండ మీదికి, అనుపుకూ తరలించి తిరిగి కట్టారు. మిగిలింది నీటి కింద ఉంది. ఆ లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు పెద్ద రాశిగా దొరికాయి. సముద్రం మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఎన్ని ఓడలు తిరిగాయో ఆ నాణేలు సాక్ష్యం. శాతవాహనులు, పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో, ఏకంగా రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణేలు వేశారు. ఆ ఓడ బొమ్మ మన పాఠ్యపుస్తకాల్లో అందరం చూసిందే. ఆ ఓడ తాలూకు ఒక్క పలక కూడా మనం చూడలేదు. ఘంటసాల, మైసోలియా, కోరంగి... పేర్లు మిగిలాయి. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను కోరంగీలని పిలిచేంతగా ఆ రేవు పేరు మనకు అంటుకుంది. ఆ రేవులో కట్టిన ఓడలు మాత్రం ఎక్కడా లేవు. వెచ్చటి నీరు, పురుగు, తుఫాను, పాత కొయ్య వంటచెరుకుగా పోవడం, అన్నీ కారణాలే. కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రు కింద ఏముందో తవ్వి చూస్తే గానీ తెలియదు. డెల్టాలో పునాదులు తవ్వుతూనే ఉన్నాం. యంత్రానికి నల్లటి కొయ్య తగిలితే ఆపరేటరు ఏం చేస్తాడన్నది అసలు ప్రశ్న.

తిరిగి వెళ్ళే టైమయింది. బయటికి వచ్చేముందు మావాడు అసలు పలకల దగ్గర చాలాసేపు వంగి చూస్తున్నాడు. ఏమిట్రా అంటే, "బిరడా కోసం చూస్తున్నా" అన్నాడు. రెండు దొరికాయి వాడికి. మూడోది నాకు.

సాయంత్రం రైలు రైన్ వంతెన మీదికి ఎక్కింది. కింద ఇసుక మోసుకెళ్ళే పొడవాటి బార్జి ఒకటి ప్రవాహానికి ఎదురు వెళుతోంది. వాడు కిటికీకి ముక్కు ఆనించి, ఏ ఒడ్డు ఎవరిదని అడిగాడు. మనం ఎక్కిన వైపు రోమన్లది, దిగబోయే వైపు అలమన్నిలది అని చెప్పాను. చెప్పడం పూర్తయ్యేలోపే వంతెన అయిపోయింది.